పచ్చి గొంతు, పచ్చిపులుసు
టాన్సిల్స్ తీసి, నొప్పి తెలియకుండా డాక్టరు మత్తుసూది వేసింది నా గొంతుకే. బుద్ధికి మత్తు నేనే ఎక్కించుకున్నాను. మేడ్చల్ నర్సింగ్ హోమ్‌లో మంచం మీద లేచి కూర్చుంటే నొప్పి జాడే లేదు. "ఈ సుఖం సూది పనిచేసినంతసేపే, నొప్పి గోలీ ముందే వేసుకో" అని చెప్పి డాక్టరు వెళ్లాడు. నేను గోలీని, అవ్వ తెచ్చిన చల్లటి గంజిని పక్కన పెట్టి, ఆమె తనకోసం కట్టుకొచ్చిన పచ్చిపులుసు అన్నం లాక్కున్నాను.

"వద్దు బిడ్డా, గొంతు పచ్చిగున్నది."

"ఏం గాదే అవ్వా, మస్తుగున్న."

సాయంత్రానికి మత్తు దిగింది, మంట ఎక్కింది. మాట పెగల్లేదు. చూడవచ్చిన శామీర్‌పేట చుట్టాలకు అవ్వే కథ చెప్పింది: "పచ్చిపులుసు తిన్నడు మా వీరుడు, ఇగ సూడుండ్రి!" ఆ తర్వాత ఏ పెళ్లికి వెళ్లినా అదే చెప్పి నవ్వించేది. ఆమె నోటిముందు నా నోరు లేచేది కాదు.

కొన్నేళ్లకు అవ్వ పన్ను పీకించుకుంది. దవడకు తిమ్మిరి, నోట్లో దూది. చూడవచ్చిన ఆ చుట్టాలనే కూర్చోబెట్టి, నేను గంజే కావాలని బతిమాలినా అవ్వే బలవంతంగా పచ్చిపులుసు తినిపించిందని చెప్పాను. అవ్వ "ఊఁ! ఊఁ!" అంటూ మంచం కింద చెప్పు కోసం తడిమింది.

"సూడుండ్రి, ఊఁ అంటాంది. ఒప్పుకున్నట్టే గద!" అన్నాను.