గంగామణి అక్క కొనిపించిన కెమెరా

పొద్దున వంటింటి కిటికీ తెరవగానే పసుపు ఉడుకుతున్న వాసన లోపలికి వచ్చింది. మా ఇల్లు పెర్కిట్ చివర, వెనకంతా పొలాలే. తవ్విన పసుపును ఉడకబెట్టి ఆరబోసే రోజులివి. ఆ వాసన కొంత మట్టిలా, కొంత అల్లంలా, కొంత చేదు కషాయంలా ఉంటుంది. అది నాకు నచ్చుతుందో లేదో ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోయాను. ముక్కుకు తగిలిందంటే మాత్రం గంగామణి అక్క గుర్తొస్తుంది. నేను కెమెరా కొన్నది ఈ రోజుల్లోనే. దానితో ఒక మనిషిని ఇబ్బందిలో పెట్టబోయింది కూడా ఈ రోజుల్లోనే. అక్క చనిపోయి రెండేళ్లు కావస్తోంది. ఆమెను చూడనివాళ్లకు ఆమె గురించి చెప్పాలని కూర్చుంటే కెమెరా సంగతే ముందుకొస్తోంది. రెండింటినీ విడదీసి చెప్పడం నాకు చేతకావడం లేదు.

ఆర్మూర్ బస్టాండు వెనక సందులో ఆమె ఫోటో స్టూడియో ఉండేది. పెట్టింది ఆమె భర్త. ఊళ్లో సగం మందికి పాస్‌పోర్టు ఫోటోలు తీసీ తీసీ, చివరికి తన ఫోటో తానే తీసుకుని ఆయనా మస్కట్ పోయాడు. స్టూడియో అక్క చేతికొచ్చింది. పొట్టి మనిషి, లావు కళ్లద్దాలు, కొంగు నడుముకు చెక్కి ఉండేది, గొంతు మాత్రం సందు చివరి దాకా వినిపించేది. "చెవులు గానరావాలె! రెండు చెవులు! నవ్వకు, నవ్వితే ఫోటో వాపస్ వస్తది!" అని రోజుకు నూరుసార్లు అరిచేది. నేను ఆ స్టూడియోలో ఆరేళ్లు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పెళ్లి ఆల్బమ్‌లు చేయడం, వెనక రంగు మార్చడం, మామూలు అంగీతో వచ్చినవాళ్లకు కోటూ టై అతికించడం నా పని. కోట్లు మా దగ్గర నాలుగే ఉండేవి. ఈ చుట్టుపక్కల ఊళ్ల నుంచి గల్ఫ్ పోయిన మగవాళ్లలో చాలామంది ఆ నాలుగు కోట్లలోనే పోయారు.

రోజూ ఆటోలో మార్కెట్ యార్డు ముందు నుంచి వెళ్లేటప్పుడు నాకు ఒక కోరిక పుట్టింది. పసుపు కుప్పలు, ఏరుతున్న ఆడవాళ్లు, బస్తాలు మోసే హమాలీలు, అందరినీ వాళ్లు ఉన్నట్టు ఫోటో తీయాలని. నిజామాబాద్‌లో ఏదో ఫోటోల పోటీ పెడుతున్నారని విన్నాక ఆ కోరికకు కాళ్లొచ్చాయి. ఒక ఆదివారం స్టూడియో కెమెరా అడిగి తీసుకుపోయాను. అది ఇటుకంత బరువు, చెంబంత లెన్సు. నన్ను చూడగానే పసుపు ఏరుతున్న పెద్దమ్మ లేచి నిలబడి, తలకు కట్టుకున్న గుడ్డ విప్పేసి, జుట్టు వెనక్కి తోసి, రెండు చెవులూ చూపించింది. ఆమె పక్కామె కూడా అంతే. హమాలీలు చేతులు పక్కకు దించి, గడ్డం ఎత్తి, ఊపిరి బిగబట్టారు. నలభై ఫోటోలు తీస్తే నలభైమందీ వీసాకు సిద్ధంగా ఉన్నారు. అక్క అవి చూసి కళ్లద్దాలు తీసి మరీ నవ్వింది. "నేనే గదనే గిట్ల తయారు చేసింది," అంది.

అప్పుడు నాకు చిన్న కెమెరా కావాలనిపించింది, చేతిలో ఉన్నా ఎవరూ పట్టించుకోనిది. లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలు చిన్నవని వీడియోల్లో చూశాను. అక్కడ మొదలయ్యాయి నా తిప్పలు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నవాళ్లు కెమెరా కొని చూడలేదు కాబట్టి ఆగిపోయారు. ఒకాయన వీధి ఫోటోలకు ముప్పై ఐదు ఎంఎం లెన్సును మించింది లేదన్నాడు. ఇంకొకాయన, అది లోపల ఫోటో పడే పలక, అంటే సెన్సర్, పెద్దగా ఉన్న కెమెరాల లెక్క, తక్కువ ధర కెమెరాల్లో సెన్సర్ చిన్నది కాబట్టి అదే చూపు కావాలంటే ఇరవై మూడు కొనాలన్నాడు. అంటే ముప్పై ఐదు కావాలంటే ఇరవై మూడు అడగాలి, ముప్పై ఐదు అడిగితే యాభైలా ఇరుకుగా కనిపిస్తుంది. కొత్తది కొంటే నా చిట్టీ డబ్బులకు బాడీ ఒక్కటే వస్తుంది, లెన్సు రాదు. పాతదైతే రెండూ వస్తాయి కానీ పాతది ఎవరి చేతుల్లో నలిగిందో తెలియదు. జూమ్ ఉంటే అన్నిటికీ పనికొస్తుందని ఒకరు, జూమ్ ఉంటే బద్ధకం వస్తుందని ఇంకొకరు. నోటు పుస్తకంలో గళ్లు గీసి రాసుకున్నాను. రాసినకొద్దీ గళ్లు పెరిగాయి. రాత్రి ఒకటి ఖాయం చేసుకుని పడుకుంటే తెల్లారేసరికి ఇంకొకటి మంచిదనిపించేది. మూడు చెరువుల నీళ్లు తాగాను.

దుబాయ్‌లో ఉన్న మా మరిది ఫోన్ చేసి, "ఈడ అగ్గువకే దొరుకుతది వదినా, నేనే తెస్త, పెద్ద లెన్సు తెస్త," అన్నాడు. అక్కకు చెప్తే వెంటనే వద్దంది.

"వాడు చిన్నది తెస్తడానే? దుబాయ్ కెళ్లి వచ్చేటోడు చిన్న డబ్బ తెస్తే ఊరోళ్లు ఊకుంటరా? భుజం మీద పెట్టుకునేది తెస్తడు. మల్ల అందరు చెవులు చూపెడ్తరు."

"మరి ఏది కొనాలక్కా? నాకేం సమజైతలేదు."

"నాక్కూడ సమజ్ కాలే. లోపల అద్దం లేదంటవ్, టీవీల చూసుకుంట తీసుడంటవ్. ముప్పై అయిదు అంటే ముప్పై అయిదు కాదంటవ్. గీ లెక్క చెప్పినోడు దొరికితే జర నా తాన పంపు."

కానీ మర్నాడు స్టూడియోకి వెళ్లేసరికి ఆమె స్టూడియో కెమెరా జూమ్ లెన్సుకు, వెనక గుడ్డ గోడకు అంటించే తెల్ల టేపు చుట్టి పెట్టింది. ముప్పై ఐదు అంకె దగ్గర అది తిరగకుండా బిగించింది. "వారం దినాలు గిదే పట్టుకొని తిరుగు. టేపు తీసినవంటే చెయ్యి ఇరుగుతది," అంది. మా స్టూడియో కెమెరా కూడా చిన్న సెన్సరుదే కాబట్టి అంకెలు అలాగే సరిపోతాయి. ఆ వారం యార్డులో, కూరగాయల సందులో ఎవరిని తీయబోయినా మనిషి సగమే వచ్చేవాడు. పూర్తిగా రావాలని వెనక్కి నడిచి ఒకసారి మక్కజొన్నల బస్తా మీద కూలబడ్డాను. రెండో వారం టేపు తీసి, ఇరవై మూడుకు దగ్గరగా ఉన్న ఇరవై నాలుగు అంకె దగ్గర చుట్టింది. అప్పుడు మనిషీ వచ్చాడు, అతని చుట్టూ ఉన్న పనీ వచ్చింది. నాకు మాట్లాడటానికి వీలయ్యే దూరంలోనే నిలబడి తీయగలిగాను. నోటు పుస్తకంలో రెండు నెలల గళ్లు చేయలేనిది రెండు మూరల టేపు చేసింది. అక్కకు కెమెరాల గురించి తెలుసా, మనుషుల గురించి తెలుసా అని అప్పుడే మొదటిసారి అయోమయపడ్డాను.

కొనడానికి హైదరాబాద్ నాతో పాటు తనే వచ్చింది. పాత కెమెరాల కొట్టులో కూర్చుని ముందు సంచీ వాసన చూసింది. "ముక్కిన వాసనొస్తే లోపల బూజు ఉన్నట్టే," అంది. లెన్సును లైటుకేసి పట్టి లోపల సాలెగూడు లాంటి గీతలున్నాయేమో చూసింది. తెల్ల గోడను ఒక ఫోటో తీయించి మచ్చలు వెతికింది. కొట్టతను కొత్త మోడల్ గొప్పలు చెప్తుంటే, "గది ఆమె కొంటలేదు బిడ్డా, నువ్వు పరేషాన్ గాకు," అని వినయంగా నోరు మూయించింది. చివరికి అరచేతిలో పట్టే పాత బాడీ, నిమ్మకాయంత ఇరవై మూడు లెన్సు తీసుకున్నాం. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని వచ్చాను. కామారెడ్డి దాటేసరికి తప్పు కొన్నానేమో అని మళ్లీ భయం పట్టుకుంది.

తప్పు కొనలేదు. ఆ కెమెరాలో చప్పుడు ఆపే వీలుంది. చప్పుడు ఆపేసి ఛాతీ దగ్గర పట్టుకుని యార్డులో తిరిగితే నన్నెవరూ చూడలేదు, ఎవరూ చెవులు చూపించలేదు. మూడో ఆదివారం నాకు ఆ ఫోటో దొరికింది. నలభై దాటిన హమాలీ ఒకతను బస్తాల వరుస చివర ఒంటరిగా నిలబడి ఉన్నాడు. మెడ నుంచి కాళ్ల దాకా పసుపే. మొహం మాత్రం అప్పుడే కడిగి తుడుచుకున్నట్టు శుభ్రంగా ఉంది. ఫోన్‌ను తల కన్నా పైకెత్తి పట్టుకుని, దానిలోకి చూస్తూ నవ్వుతున్నాడు. వెనక పచ్చటి దుమ్ము, పైన ఎండ. నా జీవితంలో నేను తీసిన మొదటి మంచి ఫోటో అదే అని నొక్కిన క్షణంలోనే తెలిసింది.

స్టూడియోకి పరుగెత్తి, పోటీకి ఇదే పంపుతానని అక్కకు చూపించాను. ఆమె చాలాసేపు చూసింది. తర్వాత పాత ఫైళ్లలో వెతకమంది. నిరుటి పాస్‌పోర్టు ఫోటోల్లో అతను దొరికాడు. మా నాలుగు కోట్లలో నీలం కోటు, రెండు చెవులు. పేరు పోశెట్టి. ఊరు జగిత్యాల దిక్కు.

"దుబాయ్ పోతున్న అని చెప్పి పోయిండే గీయన. ఏజెంటు మోసం చేసుంటడు. ఇంటికి పోలేక ఈడ ఉన్నడు," అంది అక్క.

"నీకెట్ల తెలుసక్కా?"

"మొకం ఒక్కటే ఎందుకు కడుక్కున్నడే? ఫోన్ గంత పైకి ఎందుకు పట్టుకున్నడు? పసుపు గానరాకుంట, మొకం ఒక్కటే గానరావాలెనని. దుబాయ్‌ల ఉన్నట్టు ఇంటోళ్లతోని మాట్లాడుతున్నడు."

నేను నవ్వునే చూశాను. అదే ఫోటోలో అక్క ఇంకేదో చూసింది. ఈ ఫోటో పోటీలో గెలిచి పేపర్లో పడితే అతని ఊళ్లో ఎవరో ఒకరు చూస్తారు. ఇంటి దగ్గర అతని పరువేమవుతుందో నాకు అర్థమైంది. అయినా వదులుకోవాలనిపించలేదు, అది నిజం. అక్క ఒక్కటే మాట అంది: "పోయి ఆయనకు చూపెట్టు. ఆయన ఏమంటే గది చెయ్యి."

మర్నాడు చూపించాను. పోశెట్టి మొహం మొదట నల్లబడింది. "ఎప్పుడు తీసినవ్ చెల్లె? నాకు చప్పుడు కూడ వినబడలే," అన్నాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అక్క అనుకున్నదంతా నిజమే. బొంబాయి దాకా పోయాడు, అక్కడ ఏజెంటు ఫోన్ బంద్ పెట్టాడు, అప్పటి నుంచి ఇక్కడ బస్తాలు మోస్తున్నాడు. తుడిచేయమంటాడని ఎదురుచూశాను. అతను ఫోటోను మళ్లీ చూసి, మెల్లగా అడిగాడు.

"మొకం మంచిగొచ్చింది. జర ఒక పని చేస్తవా? మెడ కింద కెళ్లి మంచి అంగి పెట్టు. ఎనక బస్తాలు తీసి ఏదన్న బిల్డింగు పెట్టు. బిడ్డ రోజు ఫోటో అడుగుతది. నేను ఏం పంపాలె?"

స్టూడియోకి వచ్చి చెప్పాను. ఇన్నాళ్లూ వెతికింది ఉన్నది ఉన్నట్టు తీయడానికి, ఇప్పుడు నా చేత్తోనే దాన్ని అబద్ధం చేయాలా అని అక్క మీద అరిచాను. ఆమె తిరిగి అరవలేదు. అదే నన్ను భయపెట్టింది.

"ఇరవై ఏండ్లసంది కోటు లేనోళ్లకు కోటు తొడుగుతున్నం. అప్పుడు అబద్ధమని అనలేదు గద నువ్వు. ఆయనను అడగకుంట తీసుకున్నవ్. ఇప్పుడు ఆయన అడిగింది ఇయ్యి. అసలుది తుడిచెయ్యి. కెమెరాకు చప్పుడు పెట్టుకో. ఫోటో తీస్తున్నరని మనిషికి తెల్వాలె. వద్దనేటోడు వద్దంటడు."

నేను తెల్ల అంగీ తొడిగాను. వెనక అద్దాల మేడ పెట్టాను. పని బాగా కుదిరింది, ఎందుకంటే అది నాకు వచ్చిన పని. పోశెట్టి స్టూడియోకి వచ్చాక అతని ఫోన్‌కు పంపితే మా ముందే ఇంటికి పంపాడు. కాసేపటికి అటు నుంచి ఒక పిల్ల గొంతు వచ్చింది, "నాయినా, మంచిగున్నవ్" అని. అతను ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు, మా ఇద్దరికీ చాయ్ తెప్పించాడు. నేను చేసింది సాయమో పాపమో ఆ చాయ్ తాగుతున్నంతసేపూ తెలియలేదు. మరుసటి సీజన్‌లో అతను యార్డులో కనిపించలేదు. ఇంటికి పోయాడో, నిజంగానే దుబాయ్ పోయాడో ఎవరూ చెప్పలేకపోయారు. పోటీకి నేనేమీ పంపలేదు.

ఇప్పటికీ ఆ పాత కెమెరానే, ఆ ఇరవై మూడు లెన్సే. చప్పుడు పెట్టే తీస్తాను. ఆ చప్పుడు వల్ల ఎన్ని ఫోటోలు పోయాయో లెక్కలేదు. మొన్న బస్టాండు ముందు ఒకామె చప్పుడు విని గిర్రున తిరిగి, "నన్నెందుకు తీసినవ్?" అని నిలదీసింది. చూపించి, ఆమె ముందే తుడిచేశాను. అది మంచి ఫోటో. బాధేసింది, కానీ ఆమె నడిచిపోయాక మనసు తేలికైంది. ఇది నాకు అక్క నేర్పిందే.

కానీ అక్క చెప్పిన పనుల్లో నేను చేయనిది ఒకటుంది. అసలుది తుడిచావా అని ఆమె ఒకసారే అడిగింది. తుడిచానక్కా అన్నాను. నమ్మిందో, నమ్మినట్టు ఉందో ఆ లావు కళ్లద్దాల వెనక నాకు కనిపించలేదు. ఆ మెమరీ కార్డు నా బీరువాలో చీరల మధ్య ఉంది. ఎవరికీ చూపించలేదు, చూపించను. మరెందుకు ఉంచుకున్నానంటే చెప్పలేను. ఏడాదికోసారి తీసి చూసుకుంటాను. శుభ్రమైన మొహం, పసుపు ఒళ్లు, పైకెత్తిన ఫోను. తుడవడానికి వేలు పెడతాను. పోశెట్టి ఎక్కడున్నాడో తెలియదు, తిట్టడానికి అక్క లేదు. ఆమెకు నేను చెప్పిన అబద్ధం అదొక్కటే, దాన్ని నిజం చేయడానికి ఒక్క నొక్కు చాలు. ఇంకా నొక్కలేదు.