కాలు పెట్టని పెడల్

శనివారం పొద్దున గడ్డం గీసుకుంటుంటే ఫోన్ మోగింది. అవతల మా ఫోర్‌మన్ సారు వాళ్ళావిడ. "తమ్ముడూ, మీ సారు పోయారయ్యా. రాత్రి అన్నం తిని పడుకున్నారు, పొద్దున లేవలేదు" అన్నారు. ఆ గొంతులో ఏడుపు లేదు. ఇంకా ఏడుపు దాకా రాలేదేమో. వెంటనే బయలుదేరతానంటే, మధ్యాహ్నానికే తీసుకెళ్తున్నారు, తెనాలి చేరేసరికి నీకు పొద్దుగూకుతుంది, వద్దులే అన్నారు. ఫోన్ పెట్టేయబోతూ ఆగి, "నిన్న కూడా అడిగారు, ఆ పెట్టెను కూలర్ దగ్గర పెడుతున్నాడో లేదో కనుక్కోమని. పెడుతున్నావా?" అన్నారు. పెడుతున్నానక్కా అన్నాను. ఇటు చెంప మీద నురగ ఆరిపోయింది. ఆ రోజంతా నేను సగం గడ్డంతోనే తిరిగానని మా ఆవిడ తర్వాత చెప్పింది.

రాష్ట్రం వచ్చి నెల తిరగలేదు. కాలనీ గేటుకు కట్టిన తోరణాలు వాడిపోయి ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. ఆయన ఊరు ఇప్పుడు వేరే రాష్ట్రం. చివరిచూపుకు పోలేకపోయాను కాబట్టి, ఆయన గురించి నాలుగు మాటలు మీతో చెప్పుకుంటాను.

మాది సెంటినరీ కాలనీ. మా నాయిన బొగ్గుబాయిలో తట్ట మోశాడు, నేను బాయి ఆఫీసులో క్లర్కుగా కుర్చీ ఎక్కాను. నాకున్న ఒకే ఒక్క పిచ్చి గిటార్. కరీంనగర్‌లో పెళ్ళిళ్ళకు వాయించే ఆర్కెస్ట్రా ఒకటి మూతపడితే వాళ్ళ దగ్గర కొన్నాను. ఎప్పుడో కలకత్తాలో చేసిన ఎర్ర ఎలక్ట్రిక్ గిటార్, వయసులో నాకన్నా పెద్దది. నాబులు పసుపుబారాయి, మెడ కొంచెం వంగింది, శ్రుతి చేసి అటు తిరిగితే ఇటు జారిపోయేది. ఆదివారం చర్చిలో వాయించేవాణ్ణి, మిగతా రోజులు ఇంట్లో గోడలకు వినిపించేవాణ్ణి.

ఆ గోడకు అవతలి క్వార్టర్‌లోకి ఫోర్‌మన్ సారు దిగారు. వర్క్‌షాపులో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్. నుదుట విభూతి, జేబులో టెస్టర్, మాటకు ముందొక 'అయ్యా', మాట చివర ఒక 'అయ్యా'. వచ్చిన వారానికే లుంగీ మీద మా గేటు ముందు నిలబడ్డారు. గొడవకు వచ్చారనుకున్నాను.

"సారూ, మీకు డిస్టర్బ్ అయితుందా? బంద్ పెడ్తా."

"గిటారు బాగానే ఉందయ్యా. దాని వెనకాల ఆ గుయ్‌మనేది ఎవరు? నీ ఇంటికి ఎర్త్ సరిగా లేదు. తడిచేతులతో ముట్టుకుంటే వాయించడానికి నువ్వుండవు."

మరునాడు డ్యూటీ దిగి గడ్డపార పట్టుకుని వచ్చారు. మా జామచెట్టు పక్కన గుంత తవ్వి, ఉప్పు, బొగ్గు పోసి, రాగి తీగ పాతారు. ఉప్పు మా ఆవిడ ఇచ్చింది, బొగ్గు సంగతి చెప్పేదేముంది, మా ఊళ్ళో తుమ్మినా రాలుతుంది. పని అయ్యాక కాళ్ళు కడుక్కుని, చాప మీద కూర్చుని, ఇక వాయించు అన్నారు. వాయించాను. పాట అయ్యేదాకా ఆయన కళ్ళు తెరవలేదు. తెరిచాక ఇంటికి వెళ్ళి, పాత తువ్వాల్లో చుట్టిన వస్తువు ఒకటి తెచ్చి నా ముందు పెట్టారు.

ఆకుపచ్చ రంగు వేసిన ఇనప పెట్టె. ఇటుకంత ఉంటుంది. పైన రెండు నాబులు, మధ్యలో ఒక బటన్. గిటార్ వైరు ఇందులోంచి పోనిచ్చి బటన్ నొక్కితే దాని గొంతు మారిపోతుంది, మళ్ళీ నొక్కితే మామూలైపోతుంది. తీగ గరగరలాడుతుంది, సన్నాయికి జలుబు చేసినట్టు సాగుతుంది. అలాంటివి ఉంటాయని వినడమే గానీ చూడడం అదే మొదలు. వయసులో ఉన్నప్పుడు సారు మద్రాసులో ఒక రేడియో షాపులో పనిచేశారట. ఎవరో గిటారిస్టు దాన్ని కొన్న వారానికే రిపేరుకు ఇచ్చి మళ్ళీ రాలేదు. షాపు మూసేసినా ఆయన దాన్ని అమ్మలేదు, పారెయ్యలేదు. ఉద్యోగం కొత్తగూడెంలో అయితే కొత్తగూడెం, కాసిపేటలో అయితే కాసిపేట, ట్రంకుపెట్టెలో బట్టల మధ్య వెంట తెచ్చుకున్నారు. మీదేనా సారూ అంటే, "మనది కాదయ్యా, మన దగ్గరుంది" అన్నారు. ఆ మాట ఆయన చాలా వాటి గురించి అనేవారు. క్వార్టర్ గురించి, ఉద్యోగం గురించి, ఒకసారి తన మోకాళ్ళ గురించి కూడా.

ఆ యేడు క్రిస్మస్‌కు దాన్ని చర్చికి తెచ్చాం. పెట్టెను నేల మీద పెట్టి, గిటార్ మెడలో వేసుకుని, పాట అందుకోగానే బటన్ మీదకు కాలు చాపాను. ఎక్కడి నుంచి దూకారో, సారు వచ్చి నా చీలమండ పట్టుకున్నారు.

"అయ్యో అయ్యో, కాలు తియ్యవయ్యా! వాయిద్యాన్ని తొక్కుతావా?"

"సారూ, గది కాలుతోని నొక్కేదానికే చేసిన్రు. దాని పేరే పెడల్."

"చేసినోడికి తెలీదు. నీకు తెలుసు కదా?"

నిండు చర్చిలో, వందమంది చూస్తుండగా, ఆయన నా కాళ్ళ దగ్గర బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. పెట్టె అంచును నాలుగు వేళ్ళతో పట్టుకుని, బొటనవేలితో బటన్ నొక్కారు. కాలి కోసం చేసిన బటన్ అది, మొండిది, నా బొటనవేలైతే విరిగేది. విభూతి పెట్టుకున్న మనిషి బలిపీఠం ముందు కూర్చున్నాడని వెనక గుసగుసలు మొదలయ్యాయి. మా పాస్టర్ అయ్యగారు వాటిని విని నవ్వేశారు. "మనం చెప్పులు విడిచి రమ్మంటం. ఈయన కాలే విడిచి రమ్మంటుండు. కూసోనియ్యిరి" అన్నారు. ఆ పాట ఆ రోజు మోగినట్టు మళ్ళీ మోగలేదని ఇప్పటికీ పెద్దవాళ్ళు అంటారు.

అప్పటినుంచి మాది జంట. వాయించేది నేను, నొక్కేది ఆయన. ఆయనకు ఒక్క స్వరం పేరు తెలియదు. చెవి మాత్రం పాము చెవి. మా పాటలన్నీ ఆయనకు నోటికొచ్చేశాయి, సైకిల్ మీద డ్యూటీకి పోతూ పాడుకునేవారు. వాళ్ళావిడ గోడ మీదుగా మా ఆవిడతో, "గుడికి రమ్మంటే నడుం నొప్పి, చర్చి అంటే ముందుంటారు" అని ఎత్తిపొడిచేవారు. మా ఆవిడకు ఆ పెట్టె అంటే పడేది కాదు. "ఏంది గా డబ్బా, గొంతు పట్టినోని లెక్క గురగుర అంటది" అనేది. సారు నొచ్చుకునేవారు కాదు. "ఎండకమ్మా. ఎండకి దాని గొంతు పోతుంది" అని సర్దిచెప్పేవారు.

అది నిజం. లోపల పాతకాలపు ట్రాన్సిస్టర్లు, వాటికి వేడి పడదు. డిసెంబరులో తేనెలాగా సాగే శబ్దం ఏప్రిల్‌లో దగ్గుగా మారేది. మా ఎండల సంగతి మీకు తెలుసు, బొగ్గు మీద పడిన ఎండ. ఈస్టర్ వస్తుందంటే సారుకు ఫికర్ పట్టుకునేది. తడి తువ్వాల్లో చుట్టి, మనుషులకన్నా ముందు ఆ పెట్టెను కూలర్ ముందు కూర్చోబెట్టేవారు. బ్యాటరీల విషయంలో ఇంకా చాదస్తం. కొత్త బ్యాటరీ నేరుగా వేసేవారు కాదు. ముందు తన దగ్గరున్న వైర్లు పరీక్షించే మీటరులో వేసి కొన్నాళ్ళు వాడి, నాలుక మీద పెట్టి చూసి, అప్పుడు పెట్టెలో వేసేవారు. "కొత్తదానికి పొగరెక్కువయ్యా. కాస్త నలగనీ, అప్పుడు పాట వింటుంది" అనేవారు. కొత్తగా చేరిన ఇంజనీర్ల గురించి కూడా ఇదే మాట అనేవారని వర్క్‌షాపులో చెప్పుకునేవారు.

తర్వాత ఉద్యమం వచ్చింది. బాయిలు ఆగిపోయాయి, ఆఫీసులు మూతపడ్డాయి, కాలనీ గ్రౌండులో సమ్మె టెంటు లేచింది. మేమంతా అందులోనే. సారు సాయంత్రాలు బయట కుర్చీ వేసుకోవడం మానేశారు. కనబడితే మామూలుగానే పలకరించేవారు, నేనే మాట కోసం వెతుక్కునేవాణ్ణి. ఏ మాట అయినా ఎక్కడో తగిలేట్టు ఉండేది. ఆ రోజుల్లో టెంటు కాడి పిల్లలు వచ్చారు. "అన్నా, రేపు నువ్వు గిటార్ కొట్టాలె. గా గురగుర సౌండ్ ఉండాలె. గదుంటెనే ఊపొస్తది" అన్నారు.

ఎట్లా అడుగుతాను? ఆ పాటల్లో కొన్ని చరణాలు సూటిగా ఆయనలాంటి వాళ్ళను మీ ఊరికి పొమ్మనేవి. వాటికి ఆయన పెట్టె ఇమ్మని ఏ ముఖంతో అడగాలి? లేకుండానే కొట్టేద్దామనుకున్నాను. పొద్దున గోడ మీద చేసంచీ కనిపించింది. పక్కనే వాళ్ళావిడ. "పాటకి కావాలంటగా. తీసుకెళ్ళు. కాలు పెట్టొద్దని చెప్పమన్నారు" అన్నారు.

పెట్టలేదు. మరి అక్కడ కూర్చుని నొక్కేవారెవరు? పాట మొదలయ్యే ముందే వంగి రెండు బొటనవేళ్ళతో నొక్కి, పాట అయిపోయేదాకా అలాగే వదిలేశాను. గ్రౌండంతా ఊగిపోయింది. నాకు మాత్రం కాళ్ళ దగ్గర ఖాళీగా అనిపించింది. అటు చూడకుండా వాయించాను.

మరునాడు పెట్టె తిరిగి ఇవ్వడానికి వెళ్తే సారు వరండాలో ఉన్నారు. ముఖం గంటు పెట్టుకుని ఉన్నారు. అనుకున్నంత అయిందనుకున్నాను.

"పాటంతా మోగించావేమయ్యా?"

"సారూ?"

"ఇక్కడ కూర్చుంటే మైకులో అంతా వినపడింది. మొదటి చరణం దాకా సరే. రెండో చరణంలో మనిషి గొంతు కదా నడవాలి, అక్కడ ఆపెయ్యాలి. మళ్ళీ మూడోదానికి అందుకోవాలి. నువ్వు బొబ్బలు పెట్టించి వదిలావు. ఎన్నేళ్ళు నేర్పాను నీకు?"

గోడ అవతల మా ఆవిడ తోముతున్న గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నేను భయపడుతూనే అడిగాను, సారూ, మరి పాట అని. "పాటకేం, బాగుంది. శ్రుతి కూడా తప్పలేదు" అన్నారు. అంతే. ఆ పాటలోని మాటల గురించి ఆయన ఆ రోజూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు. ఆయనకు బాధ కలగలేదని నేననుకోను. కానీ ఆ రోజు ఆయన నాతో పంచుకోవాలనుకున్నది ఆ బాధ కాదు, రెండో చరణం. ఇంటికొచ్చి ఏడ్చాను, మా ఆవిడ చూసింది.

ఆ యేడు క్రిస్మస్‌కు ఆయన వస్తారో రారోనని రాత్రి నిద్రపట్టలేదు. ఆయన వైపువాళ్ళు ఒక మాట, మావైపువాళ్ళు ఒక మాట అంటారని తెలుసు. పాట మొదలయ్యే వేళకు చంకలో తువ్వాలు మూటతో వచ్చారు. మోకాళ్ళు వంగక, నా గిటార్ వైరు తొక్కకుండా చూసుకుంటూ, నా ప్యాంటు పట్టుకుని మెల్లగా కిందికి దిగి కూర్చున్నారు. ముందు వరసలో ఒక అవ్వ తన కింద ఉన్న చాప లాగి ఆయనకు ఇచ్చింది.

పోయినేడు రిటైరయ్యారు. సామాను లారీ ఎక్కాక పెట్టె తెచ్చి నా చేతుల్లో పెట్టారు. "మనది కాదయ్యా, ఇక నీ దగ్గరుంటుంది. కాలు పెట్టవుగా?" అన్నారు. పెట్ట సారూ అన్నాను.

మొన్న క్రిస్మస్‌కు ఆయన ఫోన్ చేశారు. స్పీకర్ దగ్గర పెట్టి పాట వినిపించాను. అంతా విని, "మరి పెట్టె?" అన్నారు. నొక్కేటోళ్ళు లేరు సారూ అన్నాను. "నిన్ను ఇరికించానేమిటయ్యా. పోనీ, కాలు కడుక్కుని మెల్లగా పెట్టు. ఏం కాదులే" అన్నారు. ఆయన అంతమాట అన్నాక నాకు అడ్డేముంది? చాలాసార్లు ప్రయత్నించాను. కాలు అక్కడిదాకా పోయి ఆగిపోయేది, చీలమండను ఎవరో పట్టుకున్నట్టే ఉండేది. అందుకే ఆ పెట్టె కూలర్ పక్కనే ఉండిపోయింది, చర్చికి పోలేదు.

ఫోన్ వచ్చిన సాయంత్రం దాన్ని తీసి తుడిచాను. పాత పెడల్స్ ఏవి చూసినా పైన చెప్పుల గీతలుంటాయి, రంగు చెక్కులు లేచిపోయి ఉంటుంది. ఇది పైన నున్నగా, కొన్ననాటి రంగుతోనే ఉంది. పక్క అంచున మాత్రం వరసగా నాలుగు చోట్ల ఆకుపచ్చ పోయి ఇనుము తేలింది. సారు వేళ్ళు పట్టుకున్న చోటు. మా ఆవిడ పక్కన నిలబడి చూసింది, డబ్బా అనలేదు.

ఆదివారం పెట్టెను చర్చికి తీసుకెళ్ళాను. నొక్కేవాళ్ళు లేకపోయినా పక్కన ఉంటే చాలనుకున్నాను. పాస్టర్ అయ్యగారు సారు కోసం ప్రార్థన చేశారు. నేను ఆయనకిష్టమైన పాట అందుకున్నాను. ఆడవాళ్ళ వైపు నుంచి మా ఆవిడ లేచింది. కొంగు నడుముకు దోపుకుంటూ వచ్చి, నా కాళ్ళ దగ్గర కూర్చుంది.

ఒక బొటనవేలికి లొంగలేదు. రెండు చేతులూ పెట్టి నొక్కింది. ఆలస్యమైంది, అప్పటికే పల్లవి సగం దాటిపోయింది, సారు ఉంటే తిట్టేవారు. ఎండకు గొంతు కూడా సరిగా లేదు దానికి. అయినా గరగరమంటూ లేచింది. మొదటి చరణం అయింది. ఆపమని సైగ చేద్దామని నేను కిందికి చూసేలోపే, రెండో చరణం మొదట్లోనే, తను నొక్కి ఆపేసింది.

వేళ్ళు మాత్రం తియ్యలేదు. రంగు పోయిన ఆ నాలుగు చోట్లా ఉంచుకుని, తల వంచుకుని, మూడో చరణం కోసం చూస్తూ కూర్చుంది.