ఔటర్లో ఆగే రైలు

రేణిగుంటలో రైల్వే సిగ్నళ్లు బాగుచేసే కుప్పయ్య, మద్రాసు నుంచి తెచ్చుకున్న ఐసీ చిప్పులతో ఇంట్లో బొమ్మరైలుకు తనే వైరింగ్ చేసుకున్నాడు. స్టేషనుకు ముందు, ఔటర్ సిగ్నల్ దగ్గర ఆ రైలు తనంతట తనే ఆగుతుంది. ఆస్పత్రికి పోతూ భార్య వరదమ్మ ప్రాణం విడిచింది రేణిగుంట ఔటర్లో ఆగిపోయిన అసలు రైల్లోనే. బొమ్మరైలు ఆగినప్పుడల్లా కుప్పయ్య లేచి నిలబడతాడు, అది కదిలాకే కూర్చుంటాడు. ఎందుకో తెలిసినవాడు, పక్కన కూర్చుని పని నేర్చుకున్న స్నేహితుడు సుందరరాజు ఒక్కడే.

ఆ దసరాకు సుందరరాజు ఇంట్లో, బొమ్మల కొలువు చుట్టూ అచ్చం అలాంటి రైలే తిరుగుతోంది. "అంతా నేనే చేసినానబ్బా!" అంటున్నాడు వచ్చినవాళ్లతో. రైలు ఔటర్లో ఆగింది. "సూడండి, మన రేణిగుంట మాదిరే ఉండాది!" అన్నాడు. అందరూ పకపకా నవ్వారు. గుగ్గిళ్ల పొట్లం చేత్తో పట్టుకుని, వాళ్ల వెనక కూర్చున్న కుప్పయ్య లేచి నిలబడ్డాడు.