లష్కర్ తాత రిమార్కుల గడి

సోమవారం పొద్దున తీగ మీద ఆరేసిన తెల్ల చీర మీద మసి పడి ఉంది. చెరకు ఆడే కాలంలో బోధన్‌లో ఇది మామూలే. ఫ్యాక్టరీ పొగగొట్టం నుంచి కాలిన పిప్పి రేణువులు ఊరంతా రాలుతాయి. ఒక రేణువు మాత్రం చిన్న ఈకలా, నడుమ సన్నని ఈనెతో ఉంది. విదిలించబోయి ఆగాను. అప్పుడే గోడ అవతలి నుంచి పక్కింటి అవ్వ పిలిచింది.

"బిడ్డా, లష్కర్ తాత పోయిండట. తెల్లారంగ."

ఆ మసి ఈక సంగతి ఆయనకు చెప్పాలని అనుకుంటూ నిలబడ్డానని అప్పుడు గాని నాకు తెలియలేదు.

ఆయన మాకు బంధువు కాదు. మా ఇంటి వెనక నుంచి పోయే నిజాంసాగర్ కాలువ మీద, తూము దగ్గర లష్కర్. గేటు ఎత్తడం, దించడం, పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ రాతి మీది గీతల్లో నీటి మట్టం చూసి రిజిస్టరులో ఎక్కించడం ఆయన పని. నిజాం కాలంలో చదువుకున్నవాడు కాబట్టి అంతా ఉర్దూలోనే రాసేవాడు. రాష్ట్రాలు కలిసిన కొన్నేళ్లకు దస్త్రాలు ఇంగ్లీషులో ఉండాలన్నారు. ఆ అంకెలు నేర్చుకున్నాడు గాని అక్షరాలు పట్టుబడలేదు.

నేనప్పుడు ఆరో తరగతి. రోజూ రైల్లో నిజామాబాద్ కాన్వెంటుకు పోయి వచ్చేదాన్ని. ఎవరైనా పలకరిస్తారని ముఖానికి పుస్తకం అడ్డం పెట్టుకుని కూర్చునేదాన్ని. ఒకరోజు ఆయన మా ఇంటికి వచ్చి బాపును అడిగాడు.

"పటేలా, నీ బిడ్డ దొరసానుల కాడ సదువుతున్నది గదా. పొద్దుమీకి నాకు రెండు ముక్కలు రాసిపెడ్తదా?"

"అది మాట్లాడనే మాట్లాడదు," అన్నాడు బాపు.

"మాట్లాడుడు నేను జేస్త. రాసుడు ఆమె జేస్తది."

రిజిస్టరులో చివరి గడి రిమార్కులది. గేటు చెడినా, గట్టు తెగినా అందులో రాయాలి. మిగతా లష్కర్లు దాన్ని ఖాళీగా వదిలేసేవారట. తాత వదిలేవాడు కాదు. "ఏం లేని దినం ఉంటదా బిడ్డా?" అనేవాడు. మొదటి సాయంత్రం ఆయన చెప్పింది నాకింకా గుర్తుంది. గేటు చక్రం మీద నీలిపిట్ట వాలింది, గ్రీజు పూసిన చోటు వదిలిపెట్టి వాలింది. ఇంగ్లీషులో వాక్యం కుదరక మూడుసార్లు కొట్టేశాను.

తూము గోడ రాళ్లలో ఒకదాని మీద వేలెడంత చేప చెక్కి ఉంది. ఆయన చూపించేదాకా నేను రోజూ దాని పక్కనే పుస్తకాల సంచి పెట్టేదాన్ని.

"గిది రాయి కొట్టినోని గుర్తు. కట్టిచ్చిన దొరల పేర్లు అందరికెర్కనే. గీయిన పేరు ఎవ్వలికెర్క లేదు. గని జూడు, చేప ఇంక ఈదుతనే ఉన్నది."

చెరకు బండ్లు గట్టు మీదుగా ఫ్యాక్టరీకి పోతుంటే వాటికి వీపు పెట్టి కూర్చునేవాడు. ఇరుసు మోత విని ఏ ఊరి బండో చెప్పేవాడు. నేను తిరిగి చూస్తే నిజమే అయ్యేది. ఒక బండాయన ఆటపట్టించాడు కూడా.

"ఏం తాతా, మా బండి పాట మంచిగున్నదా?"

"ఇరుసుకు నూనె పెట్టకు. రాగం చెడ్తది."

"రాగం నీకు, బరువు ఎడ్లకు. అవి నిన్నే తిడుతున్నయ్!"

తాత దగ్గు వచ్చేదాకా నవ్వాడు. ఆ రోజు గడిలో అదే రాయించాడు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా కొత్త ఓవర్సియర్ వచ్చాడు. నెలాఖరున సంతకం పెట్టడానికి వచ్చి, తాత గేటు దగ్గర ఉన్నప్పుడు పేజీలు తిప్పాడు.

"గిదంత నువ్వే రాసినవా?"

తలూపాను.

"కాలువ దస్త్రమా గిది, పిట్టల కథల బుక్కా? పైన సాబు జూసిండంటే ముసలాయన నౌకరి ఉండదు. పించిని కాడికొచ్చిండు పాపం. ఆయనకు చెప్తే ఇనడు. నువ్వే రాయకు."

మరునాడు తాత రెండు కొంగల కొట్లాట చెప్పాడు. నిదానంగా, చేతులు ఊపుతూ చెప్పాడు. నేను ఆ గడిలో ఇంగ్లీషు మూడక్షరాలతో 'నిల్' అని రాశాను. ఏమీ లేదు అని.

ఆయన వంగి చూశాడు. "గంత పొడుగు మాటకు గింతనే రాతనా బిడ్డా?"

"ఇంగ్లీషుల అంతే తాతా."

కాసేపు ఆ మూడక్షరాలనూ చూశాడు. "మంచి భాషనే. తక్కువ జాగల పడ్తది," అన్నాడు.

రెండేళ్లు అలాగే రాశాను. భయంతో మొదలుపెట్టిన మాట నిజమే. తరువాత తరువాత అలసటతో కూడా రాశాను. రైలు, పరీక్షలు, తలనొప్పి. కొన్ని సాయంత్రాలు ఆయన చెప్పడం అయిపోకముందే నిల్ రాసి రిజిస్టరు మూసేసేదాన్ని. ఆయన మిగతాది మూసిన అట్టకే చెప్పేవాడు.

పింఛను క్షేమంగా వచ్చింది. నిల్ సంగతి ఆయనకు ఇక చెప్పవచ్చు, రేపు చెబుదాం అనుకుంటూ ఏళ్లు గడిపాను. ఇప్పుడు నేను నిజామాబాద్‌లో ఒక బడిలో పాఠాలు చెబుతున్నాను. అదే రైలు. సాయంత్రానికి సంచిలో అరవై నోటుబుక్కులు ఉంటాయి, తల ఎత్తి చూసే ఓపిక ఉండదు. ఆయన గట్టు మీద కూర్చుని ప్రతిసారీ అడిగేవాడు, ఏం చూసినవ్ అని. పోయిన నెలలో కూడా అడిగాడు.

"ఇయ్యాల ఏం జూసినవ్ బిడ్డా?"

"ఏం లేదు తాతా."

ఎప్పటిలా నవ్వలేదు. "పోనీ. రేపు జూడు," అన్నాడు. ఆయన నాతో అన్న చివరి మాట అది.

ఐదోనాడు పలకరించడానికి వాళ్లింటికి పోయాను. ఆయన కోడలు రేకు పెట్టె తెరిచి పాత రిజిస్టరు ఒకటి నా చేతికి ఇచ్చింది. నెలనెలా దాని నకలు మాత్రమే ఆఫీసుకు పోయేది. నిండిన పుస్తకాలు ఆయన దగ్గరే ఉండిపోయాయి.

"నీ రాతనేనట గదా చెల్లె. నువ్వస్తె ఇయ్యుమన్నడు. వేరే ఎవ్వలను ముట్టనియ్యలే."

తెరిచాను. అవి నిల్ రాసిన రెండేళ్లు. ఓవర్సియర్ సంతకాలు అయిపోయాక వేసినట్టున్నాయి, ప్రతి గడిలోనూ పెన్సిలుతో సన్నని ఉర్దూ వరుసలు. కుడి అంచున మొదలై, ఎడమకు నడిచి, నా మూడక్షరాలకు తగలకుండా ఆగిపోయాయి. ఒక్క నిల్ కూడా కొట్టేసి లేదు. ఒక గడిలో రాతకు బదులు చిన్న చేప.

ఇరుసు మోత విని ఊరు చెప్పే మనిషి, రోజూ ఒకే మూడక్షరాలు పడటం గమనించకుండా ఉంటాడా? గమనించాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. మరునాడు మళ్లీ మొదటి నుంచి, చేతులు ఊపుతూ చెప్పాడు.

నిన్న సాయంత్రం ఆ రిజిస్టరు పట్టుకుని తూము దగ్గర కూర్చున్నాను. నీళ్లు రాతి చేప కడుపు దాకా ఉన్నాయి. వెనక నుంచి చెరకు బండి ఒకటి పోయింది. తిరిగి చూడకుండా విన్నాను. ఏ ఊరిదో తెలియలేదు. వెలుతురు ఉన్నంతసేపు ఒక్కో పేజీ తిప్పాను.

నాకు ఉర్దూ చదవడం రాదు.