చవుడు పూసిన కయ్య

మా పెదనాన్న హజరత్తయ్య కుదురుగా కూర్చుని అన్నం తినడం నేను ఒక్కసారి తప్ప ఎప్పుడూ చూడలేదు. రెండు ముద్దలు తిని లేచి, వాకిట్లోకి పోయి ఆకాశం చూసి, మళ్ళీ వచ్చి ఇంకో ముద్ద తినేవాడు. కసుమూరు దర్గాకు మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారట. ఊళ్ళో మాత్రం అందరికీ చవుడు హజరత్తయ్య. ఎదురుగా అంటే ఊరుకునేవాడు కాదు. ఆ మాట అన్నందుకు ఒకసారి సంతలో ఒకడి మీదికి చర్నాకోల ఎత్తాడు.

తోటపల్లి గూడూరుకు తూర్పున, సముద్రపు పాయకు దగ్గరగా ఉండేది ఆయన కయ్య. వానాకాలంలో అందరి పొలంలాగే కనపడుతుంది. ఎండాకాలం వచ్చిందంటే సున్నం చల్లినట్టు చవుడు పైకి లేస్తుంది. నాటిన వరి జానెడు ఎదిగి ఎర్రబడి చచ్చేది. ఆయన ఊరుకున్నాడా? చెరువు ఒండ్రు తోలాడు, గొర్రెల మంద కట్టించాడు, జీలుగ చల్లి దున్నాడు. ఇన్ని పాట్లకూ దక్కింది మూలనున్న నారుమడి ఒక్కటే. అది మాత్రం నల్లగా, మెత్తగా, ముద్దొచ్చేటట్టు ఉండేది.

పెద్దమ్మ చెంచమ్మకు విసుగు పుట్టింది. సంగంలో ఆమె అన్నకు పెన్న నీళ్ళు పారే పొలం ఉంది. ఈ ఏడు కూడా పండకపోతే అక్కడికి పోయి ఆయన పొలమే కౌలుకు చేసుకుందామని తేల్చి చెప్పింది. బావమరిది పొలంలో, బావమరిది కళ్ళ ముందు బతకడం కంటే మా పెదనాన్నకు వేరే శిక్ష అక్కర్లేదు.

అరవై రెండు వేసవిలో మన్ను పరీక్ష చేసేవాళ్ళు ఊరికి వచ్చారు. వాళ్ళ ఆఫీసరు తిమోతి గారు చావిడి దగ్గర రైతులను కూర్చోబెట్టి, చవుడంతా ఒకటే కాదని చెప్పారు. తెల్లగా ఉప్పు పూసే నేలను మంచినీళ్ళతో కడిగి, ఆ నీళ్ళను బయటికి పంపిస్తే బాగుపడుతుందట. ఉప్పు కనపడకుండా నల్లగా బిగుసుకుపోయి, నీళ్ళు ఇంకని నేలకు జిప్సం కావాలట. రెండు గుణాలూ కలిసింది మూడో రకం. ఏ కయ్య ఏ రకమో తేల్చి పటంలో రంగు వేస్తామన్నారు. రంగు వేశాక ఏం చేస్తారో ఆ రోజు చెప్పలేదు. వాళ్ళు చెప్పకపోతే ఊరు ఊరుకుంటుందా? రంగు పడిన కయ్యల్ని సర్కారు తీసుకుని ఉప్పుమళ్ళు చేస్తుందని సాయంత్రానికల్లా పుకారు లేచింది.

పెదనాన్నకు ఇక నిలవబుద్ధి కాలేదు. వాళ్ళు తన కయ్య దాకా వచ్చేలోపల పార, గంప పట్టుకుని తెల్లటి పెచ్చంతా గీకి, మోసుకుపోయి చాకలి పోలేరయ్య రేవు దగ్గర పోశాడు. పోలేరయ్య ఆ చవుట్లో ఊరి బట్టలన్నీ నానేసుకుని సంతోషించాడు. పరీక్షవాళ్ళు వచ్చేసరికి కయ్య పెళ్ళిచూపులకు ఊడ్చిన వాకిలిలా ఉంది. ఆయన వాళ్ళకు మజ్జిగ ఇచ్చి, కబుర్లలో పెట్టి, నేరుగా నారుమడి దగ్గరికి తీసుకుపోయాడు. పొద్దుటి నుంచీ ఎండలో గుంటలు తవ్వి అలిసిపోయిన మనుషులు, ఆయన చూపించిన చోటే మన్ను తీసి సంచిలో పోసుకున్నారు.

కొన్నాళ్ళకు పటం వచ్చింది. చుట్టూ కయ్యలన్నిటికీ రంగు పడింది, ఆయనది ఒక్కటే రంగు లేకుండా ఉంది. మంచి నేల! ఆ రోజు పనేమీ లేకపోయినా ఊరంతా తిరిగాడు. చవుడు అని ఎవరైనా అంటారేమోనని కాచుకున్నాడు. ఎవరూ అనలేదు.

ఆ సంబరం వారం కూడా నిలవలేదు. రంగు పడిన కయ్యల ఉప్పునీళ్ళు పాయలోకి పోవడానికి మురుగుకాలువ తవ్వుతారని కొయ్యమేకులు దించారు. మేకుల వరస పక్కనున్న రంగనాయకులు గట్టు దాకా వచ్చి, పెదనాన్న కయ్యను వదిలేసి అటు తిరిగిపోయింది. మంచి నేలకు కాలువెందుకు?

పెద్దమ్మ వచ్చి ఆ మేకులు చూసింది. తిట్టలేదు. ఇంటికి పోయి చట్టీ, చెంబూ మూట కట్టడం మొదలుపెట్టింది. అది చూసి ఆయనకు కాలూ చెయ్యీ ఆడలేదు. ఇంట్లోకీ వాకిట్లోకీ తిరిగి తిరిగి, చివరికి చావిడికి పోయి పదిమంది ముందు తిమోతి గారికి చెప్పేశాడు.

"నాది చవుడు కయ్యే అయ్యా. పైది నేనే గీకేసినాను. మిమ్మల్ని నారుమడికాడికి తోడకపోయింది గూడా కావాలనే."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు. ఒకరి మాట మీద పటం మార్చడం కుదరదనీ, కంటికి కనపడాలనీ అన్నారు. ఎల్లుండి కోట వైపు ఊళ్ళకు పోతున్నామనీ, పోయేముందు వచ్చి చూస్తాననీ చెప్పారు.

పెదనాన్న బావి నుంచి కావడితో నీళ్ళు మోసి కయ్య నడుమ పోశాడు. తడి ఆరేకొద్దీ ఉప్పు పైకి వస్తుందని ఆయనకు వేరే చెప్పాలా? నీళ్ళు పోసి గట్టు మీద కూర్చున్నాడు. కూర్చున్న మనిషి లేవలేదు. నేను అన్నం తీసుకుపోతే కూర్చునే అంతా తిన్నాడు. నాకు భయమేసింది. మరునాడు సాయంత్రం సముద్రం మీద మబ్బు లేచింది. ఒక్క జల్లు పడితే ఉప్పు మళ్ళీ దిగిపోతుంది. ఏటా వాన కోసం ఆకాశం చూసిన మనిషి, ఆ పూట వద్దు వద్దని చూశాడు. మబ్బు దక్షిణానికి పోయింది.

ఆఫీసరు వచ్చే రోజు పొద్దున కూడా నేల బూడిదరంగులోనే ఉంది. ఎండ ముదిరాక నడుమ చిన్న తెల్లమచ్చ కనపడింది. పెదనాన్న దాని ముందు మోకాళ్ళ మీద వంగాడు. బతుకంతా తిట్టిపోసిన దాన్ని, "రా తల్లీ, రా" అని పిలిచాడు.

తిమోతి గారు వచ్చేసరికి నడుమంతా పూసి ఉంది. ఈసారి వాళ్ళ మనుషులు లోతుగా గుంట తవ్వి, పొరపొరకూ వేరుగా మన్ను తీసుకున్నారు. పెద్దమ్మ కూడా వచ్చింది. వంగి వేలితో ఇంత తెల్లపొడి తీసి నాలుక మీద వేసుకుంది.

"ఉప్పే. బాగా ఉండాది," అని ఇంటికి పోయి మూట విప్పింది.

మేకులు పీకి మళ్ళీ పాతారు. కాలువ ఆయన గట్టు వెంట పోయింది, మూడో ఏటికి కయ్యలో వరి ఈనింది. ఊళ్ళో ఇప్పటికీ ఆయన్ను చవుడు హజరత్తయ్య అనే పిలుస్తారు. పిలిస్తే పలుకుతాడు.