తిమింగలాన్ని కొలిచిన తాడు

అబద్ధాలకోరంటే నేను పడను. ఎవరన్నా సరే, మా బావైనా సరే!

పోయిన నెల భీమిలి ఒడ్డుకి ఓ తిమింగలం కొట్టుకొచ్చింది. బతికే ఉంది. జాలర్లతో పాటు నేనూ తాడు పట్టుకుని సముద్రంలోకి లాగేను. కదల్లేదు. మధ్యాహ్నానికి ఊపిరి ఆగిపోయింది. నా చేతిలో ఎప్పుడూ బాక్స్ కెమెరా ఉంటుంది కదా, ఫొటో తీసేను. మరీ దగ్గరగా నిలబడ్డానేమో, ఫొటో అంతా నలుపే. అరకులో మిషన్ బడి మేష్టారైన మా దేవదానం బావకి, దాని కుడి దవడ తెలుపూ ఎడమది నలుపూ అని రాసి పంపితే, తిరిగి ఏం రాసేడో తెలుసా? "మా బళ్ళో నల్లబల్లని ఎప్పుడు ఫొటో తీసేవురా? కుడి దవడ తెలుపూ, ఎడమ దవడ నలుపూనా? సగం గెడ్డమే గీయించుకుందా ఏటి?"

అదృష్టం కొద్దీ, ఆ రోజు లాగిన తాడునే తిమింగలం పక్కన ముక్కు నుంచి తోక దాకా పరిచి, కోసి దాచుకున్నాను. రెండు చేతులూ బారజాపి కొలిస్తే పదకొండు బారలు. దాన్ని భుజాన వేసుకుని అరకు బయల్దేరేను.

పొద్దున్న ఆరుంబావుకి వాల్తేరులో రైలు, థర్డ్ క్లాసు. ఎదురు బెంచీ మీద తలపాగా ఆయన "ఏటి బాబూ, నుయ్యి తవ్వడానికెల్తన్నావా?" అన్నాడు.

"చేప పొడుగండి ఇది" అన్నాను.

ఆయన లేచి వేరే బెంచీకి పోయేడు.

విజయనగరంలో ఇడ్లీ తిని, పదకొండింటికి బస్సెక్కి, రెండింటికి శృంగవరపుకోటలో దిగేను. సత్రంలో పడుకుని, తెల్లారి ఐదింటికి అప్పన్న ఎడ్లబండిలో ఘాటీ ఎక్కేం. మూడో మలుపులో కాడి తాడు పుటుక్కుమంది.

"బాబూ, నీ తాడు మూడు బారలియ్యి, బేగి."

"తిమింగలాన్ని కొయ్యనివ్వను!"

"అయితే ఆ తిమింగలం మీదెక్కి ఎల్లు."

అరిచేను, తిట్టేను, ఆఖరికి నేనే కోసేను. తోక వైపు.

సాయంత్రం ఐదింటికి అనంతగిరి బంగళా. స్నానానికి నీళ్ళడిగితే, చేదతాడు తెగి నూతిలో పడిపోయిందన్నాడు వాచరు. ఒళ్ళంతా ఎర్రదుమ్ము. ఇంకో నాలుగు బారలు పోయేయి. మీలో ఎవరైనా ఈ దారిన వెళ్తే మామూలు తాడొకటి విడిగా పట్టుకెళ్ళండి.

మర్నాడు మధ్యాహ్నం అరకు సంత. ఓ ముసలామె మేక పలుపు తెంపుకుని చోళ్ళ గింజల రాశి మీదెక్కేసింది. పట్టుకున్నది నేనే, కాబట్టి కట్టడానికి రెండు బారలిచ్చిందీ నేనే. తాడు కథంతా చెప్పేను. ఆవిడకి చేపంటే సంతకొచ్చే ఎండుచేపే.

"అంత చేపకి ఉప్పెంత పట్టింది బాబూ?"

"ఉప్పెయ్యలేదమ్మా!"

"మరి కుళ్ళిపోదేటి?" అని నన్నే కసిరింది.

బావ ఇంటికి చేరేసరికి మిగిలింది రెండు బారలు. బావ దాన్ని గుమ్మం దగ్గర సాగదీసి చూసేడు.

"వాలుగ చేప కూడా ఇంతుంటుంది కదరా!"

అక్క నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. నేను కంచం ముందు నుంచి లేచిపోయేను. "మిగతా తిమింగలం దారిలో ఉంది. రా, చూపిస్తాను!"

మర్నాడు బడికి సెలవు. ఏడింటికి అప్పన్న బండిలోనే బయల్దేరేం. దారి పక్క ముసలామె గుడిసె. బావ మేక తాడుని చేతుల్తో కొలుస్తుంటే, ఆవిడ "తిమింగలం కట్టు మేష్టరూ, ఇంక తెగదు" అంది. అనంతగిరిలో నూతి తాడు కొలిచేడు. వాచరు "నెమ్మదిగా లాగండి, అది నడుము" అన్నాడు. అక్కడే బండి ఆపించి, అప్పన్న తిడుతున్నా కాడి తాడూ విప్పించేడు.

రెండూ, రెండూ, నాలుగూ, మూడూ, మొత్తం పదకొండు.

బావ నూతి గట్టు మీద కూలబడ్డాడు. "ఇంత జీవాన్నా లాగేవు నువ్వు?"

"లాగేను. కదల్లేదు."

బావ లేచేడు. తన దగ్గరున్న రెండు బారలూ చుట్ట చుట్టి సంచీలో పెట్టుకున్నాడు. "ఇది నాకుండనీ. పిల్లలకి చూపిస్తాను." నాకు కోపమంతా పోయింది. అరకు వెళ్ళే బండెక్కి, అంతలో వెనక్కి తిరిగేడు: "దవడ సంగతి మాత్రం నమ్మనురోయ్!"

వాల్తేరు వెళ్ళే రైల్లో కూర్చుని ఇది రాస్తున్నాను. భుజం ఖాళీగా ఉంది. ఘాటీ పొడుగునా ఎడ్లనీ, మేకనీ, చేదనీ పట్టుకుని ఉంది ఆ తిమింగలం. దాని కుడి దవడ తెలుపే. ఈ చేత్తో నిమిరేను. కాదనడానికి మీలో ఎవరు నిమిరేరు?