రొట్టె పథ్యం

1964. నెల్లూరులో పిల్లల వార్డులో నేను స్టాఫ్ నర్సుని. ఇందుకూరుపేట దగ్గర్నుంచి పెంచలమ్మ అనే రైతు ఇల్లాలు మూడేళ్ళ కూతుర్ని భుజాన వేసుకొచ్చింది. పిల్ల పేరు రమణమ్మ. పొట్ట ఉబ్బు, పుల్లల్లాంటి కాళ్ళు, నెలల తరబడి విరేచనాలు.

"నాకుండేది ఈ బిడ్డొకతే నర్సమ్మా," అంది పెంచలమ్మ.

వరి పండించే ఇల్లే. అయినా కడుపు చెడితే అన్నం మానిపించి బేకరీ రొట్టె పెట్టడం మా వైపు అలవాటు. వార్డులోనూ అదే పథ్యం. పాలలో నానబెట్టి పెట్టినకొద్దీ పిల్ల నీరసించింది. దాన్ని త్రాసు మీద కూర్చోబెట్టాలంటేనే నాకు భయమేసేది.

ఒక ఉదయం డాక్టరు గారు, "గోధుమ పూర్తిగా ఆపండి, అన్నమే పెట్టండి. సీలియాక్ డిసీజ్ అని నా అనుమానం," అన్నారు.

"అన్నమా? బిడ్డ దక్కుతాదా?" అని పెంచలమ్మ హడలిపోయింది. నాకూ లోపల గుబులే. మెత్తటి అన్నం, పలచటి చారు మొదలుపెట్టాం. కొన్ని వారాలకు విరేచనాలు కట్టాయి. పిల్ల ఆకలని ఏడ్చింది. ఆ ఏడుపు చెవికి ఎంత హాయిగా ఉందో!

ఆ జబ్బు గోధుమతో ముదురుతుందని, కొన్ని కుటుంబాల్లో ఎక్కువని మాత్రమే అప్పుడు డాక్టరు గారు నాకు చెప్పారు. మిగతాది నేను తర్వాత చదువుకున్నాను. గోధుమలో గ్లూటెన్ అనే ప్రోటీన్ ఉంటుంది. తల్లిదండ్రుల నుంచి కొన్ని జీన్స్ వచ్చిన వాళ్ళలో కొందరికి, ఒంటిని కాపాడాల్సిన ఇమ్యూన్ సెల్స్ దాన్ని శత్రువనుకుని విరుచుకుపడతాయి. ఆ గొడవలో పేగు లోపలి పొరే దెబ్బతింటుంది. కంచే చేను మేసినట్టన్నమాట. ఇక తిన్నది ఒంటబట్టదు. ఆ జీన్స్ ఉన్న వాళ్ళందరికీ మాత్రం జబ్బు రాదు.

ఇంటికి పంపే రోజు పెంచలమ్మ మూట కట్టుకుంటుంటే, డాక్టరు గారు గుమ్మంలోంచే అడిగారు. "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా ఉండిందా?"

"పెద్దోడికి సామీ. ఇట్టనే పొట్ట ఉబ్బి పోయినాడు," అని ఆగి, నా వైపు తిరిగింది. "వాడికీ రొట్టే పెట్టినా గదమ్మా. వద్దని మొహం తిప్పుకుంటే, బతిమాలి పెట్టినా."

"వాడిదీ ఇదే జబ్బని చెప్పలేం తల్లీ," అన్నారు డాక్టరు గారు. ఆమె వినిపించుకోలేదు. మూట పక్కనే కూలబడింది. బతికిన బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, పోయిన బిడ్డ కోసం ఏడ్చింది. నాకూ దుఃఖం ఆగలేదు.

వంశంలో ఎవరికైనా ఉందా అని అడగక తప్పదు. వైద్యానికి అది అవసరం. కానీ ఆ తర్వాత ఏ తల్లినీ ఆ మాట నిలబెట్టి అడగలేదు. కూర్చోబెట్టి, పక్కన నేనూ కూర్చున్నాకే అడిగేదాన్ని.